మూడు రాత్రుల దుంప

ఆ ఉదయం రోకటి చప్పుడు మారింది.

చాప అల్లుతున్న మఫూతా చేతులు ఆగాయి. గుడిసె వెనక లెంబ దంచుతోంది. తొమ్మిదేళ్ళ పిల్ల, రోకలి ఆమె కంటే జానెడు ఎత్తు. బాగా నాని, బాగా ఎండిన కర్రపెండలం దంచితే ఎలా వినపడుతుందో మఫూతాకి తెలుసు. ఇసుకలో ఎవరో వట్టికాళ్ళతో మెల్లగా నడిచిపోతున్నట్టుంటుంది. ఇవాళ అలా లేదు. ఎముక మీద ఎముక పడుతున్నట్టుంది.

వానల్లేని కాలంలో అది మూడో నెల. గుట్టల అవతల గడ్డి తగలబెడుతున్నారు. పొగలో సూర్యుడు ఎర్రగా, వేడి లేకుండా, పచ్చిగుడ్డు సొనలా వేలాడుతున్నాడు. గాలి లేదు. ఆ నిశ్శబ్దంలో ఒక్కో దెబ్బా విడివిడిగా వచ్చి ఆమె మోకాళ్ళలో దిగుతోంది.

"లెంబా!"

"ఆఁ పెద్దమ్మా!"

"ఏం దంచుతున్నావే, రాళ్ళా?"

పిల్ల నవ్వింది. "దుంపలే పెద్దమ్మా. కొంచెం గట్టిగున్నాయి."

కొంచెం గట్టిగున్నాయి. ఆ మాటని నోట్లో వేసుకుని నములుతున్నట్టు మఫూతా మనసులో తిప్పుకుంది. మళ్ళీ అల్లిక అందుకుంది గానీ, నార వేళ్ళకి దొరకలేదు.

మఫూతా అంటే వాళ్ళ భాషలో నూనె, కొవ్వు. పుట్టినప్పుడు అంత బొద్దుగా ఉండేదట. ఇప్పుడు రెండు చంకకర్రల మధ్య ఆరేసిన బట్టలాంటి మనిషి. కానీ ఎనిమిదో ఏడు వచ్చేదాకా ఆ క్వాంగో గడ్డిమైదానాల్లో ఆమెని పరుగులో మించిన పిల్ల లేదు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. వాగులో చేపలు లేవు. చెట్ల మీంచి రాలే గొంగళిపురుగులు రాలలేదు. వేరుశనగ చేలోనే మాడిపోయింది. మిగిలింది కర్రపెండలం ఒక్కటే, అదీ అడవిపంది కూడా తవ్వుకోని చేదు రకం. పిల్లలు ఆకలని ఏడుస్తుంటే తల్లి, చేదులోని విషం పోవడానికి మూడు రాత్రులు నీళ్ళలో నానాల్సిన దుంపని ఒక్క రాత్రికే బయటికి తీసింది. అలా రెండు నెలలు తిన్నారు. ఒకరోజు మఫూతా ఉప్పు కోసం అమ్మమ్మ ఊరికి నడిచి వెళ్ళి, పొద్దుగుంకేలోగా తిరిగొచ్చింది. మర్నాడు లేవబోతే కాళ్ళు రాలేదు. నొప్పి లేదు, జ్వరం లేదు. రెండు మోకాళ్ళూ ఒకేసారి ఒకదాన్నొకటి వెతుక్కున్నాయి. రెండు మడమలూ ఒకేసారి నేలని వదిలేశాయి. యాభై ఏళ్ళవుతోంది, మళ్ళీ నేలకి ఆనలేదు.

ఆ జబ్బుని అక్కడ కొంజో అంటారు. జింక కాళ్ళని కట్టిపడేసే ఉచ్చుకి ఉన్న పేరే దానికీ ఉంది. గిట్టనివాళ్ళెవరో ఉచ్చు పన్నారంది ఊరు. తల్లి అవునని అనలేదు, కాదని అనలేదు. చనిపోయే రోజు మాత్రం కూతురి పాదాలు రెండూ తన దోసిట్లోకి తీసుకుని, "ఒక్క రాత్రికే తీశానే," అంది.

మఫూతాకి పెళ్ళి కాలేదు. చాపలల్లింది, బుట్టలల్లింది. చేలకి పోయే తల్లులు పిల్లల్ని ఆమె వాకిట్లో దింపిపోయేవారు. అలా ఊళ్ళో సగం మంది ఆమె తిట్లు తిని పెరిగారు. వాకిట్లో పెద్ద పొయ్యి పక్కనే మూడు చిన్న రాళ్ళు పెట్టి పిల్లల పొయ్యి అని పేరు పెట్టింది. ఏడేళ్ళు నిండితే ఆడపిల్లైనా మగపిల్లాడైనా అక్కడ అరచేతంత కుండలో లుకు వండి చూపించాల్సిందే. మరిగే నీళ్ళలో పెండలం పిండి పోసి, కుండని రెండు పాదాల మధ్య బిగించి, కర్రతెడ్డుని రెండు చేతులా తిప్పితే ముద్ద కడుతుంది. అది లుకు. తన పాదాలు కుండని పట్టవు కాబట్టి మఫూతా నోటితోనే నేర్పేది.

"తిప్పరా! ఆ చేతుల్లో ఎముకలున్నాయా, మీ అమ్మ నిన్ను అరటిబోదెతో చేసిందా?"

"నీకు వండటం వచ్చా అవ్వా, అరవడమొక్కటే వచ్చా?"

"నేను అరవబట్టే నీ ముద్ద ఉండలు కట్టట్లేదు. తిప్పు!"

వంట ఏదైనా, చివర ప్రశ్న ఒకటే. "నీళ్ళలో ఎన్ని రాత్రులు?" పిల్లలందరూ పిట్టల్లా ఒక్కసారి అరిచేవారు, "మూడు!" పెద్దవాళ్ళు దారిన పోతూ నవ్వుకునేవారు.

వాగు ఊరికి దిగువన ఉంది. ఒడ్డున ఇంటికొక నానబెట్టే గుంట, గుర్తుగా ఒక కర్ర. ఆ ఏటవాలు దిగి మఫూతాకి పన్నెండేళ్ళయింది. చెల్లెలు పురిట్లో పోయాక లెంబని ఆమే పెంచింది. ఇప్పుడు లెంబే ఆమెకి కాళ్ళు. దుంపలు మోసేది లెంబ, గుంటలో వేసేది లెంబ, రాత్రులు లెక్కపెట్టి తీసేది లెంబ. మఫూతా పొయ్యి దగ్గర కూర్చుని అడుగుతుంది: "మూడయ్యాయా?" పిల్ల చెబుతుంది: "అయ్యాయి." ఆ ఒక్క మాట మీదే ఇల్లు నడుస్తోంది.

రోకలి మళ్ళీ పడింది. ఠక్.

ఇప్పుడు ఒకటొకటే గుర్తుకొస్తున్నాయి. ఈ మధ్య పెండలం ఆకుకూరలో కారం మండిపోతోంది. "ఏమే, నాలుక కాల్చి చంపుతావా?" అని తానే నవ్వింది. పిల్ల రెండు సార్లు తిన్నాక తల తిరుగుతోందని చాప మీద వాలింది. ఎండలో తిరిగినందుకేమో అనుకుంది. పిండి అనుకున్నదానికంటే ముందే చాటలో కనిపించినప్పుడు, "ఎంత చురుకైనదానివే నా తల్లీ!" అని బుగ్గలు పుణికింది. అదే ఇప్పుడు వేళ్ళ చివర మండుతోంది.

"లెంబా, రోకలి పక్కన పెట్టి ఇలా రా. ఒక ముక్క తీసుకురా."

పిల్ల వచ్చింది. నుదుటి మీద చెమట, కనుబొమల మీద తెల్లటి పిండి. మఫూతా ముక్కని విరవబోయింది. విరగలేదు. పంటి కింద పెట్టి కొరికింది. మధ్యలో దుంప ఇంకా పచ్చిరాయిలా ఉంది. కాసేపటికి నాలుక మీద చేదు లేచింది. మెల్లగా, చాలాకాలం ఊరు విడిచి వెళ్ళిన చుట్టంలా, తనకి ఈ ఇల్లు తెలుసునన్నట్టు.

ఆమె ఉమ్మేసింది.

"ఎన్ని రాత్రులు?"

లెంబ తన బొటనవేలి వంక చూసుకుంది.

"నిన్నేనే. ఎన్ని రాత్రులు?"

"ఒకటి."

"ఎప్పట్నించి?"

"నిండు చంద్రుడు వచ్చాడు కదా, ఆ మర్నాటి నించి."

మఫూతా కళ్ళు మూసుకుంది. నిండు చంద్రుడు కరిగిపోయి, మళ్ళీ కొడవలిలా మొలిచి, సగానికి పెరిగాడు. అంటే ఇరవై రోజులు దాటింది. ఇరవై రోజులుగా తను పిల్లకి ముందు పెట్టి, పిల్ల తిన్నాకే తను తింటోంది. చిక్కటి ముద్ద పిల్లకి, అడుగున అంటుకున్నది తనకి.

"నేను నీకు నేర్పలేదటే?"

లెంబ పిండి అంటిన చేత్తో ముక్కు తుడుచుకుంది. "తుసేవో అత్త చెప్పింది. చిన్న ముక్కలు కోస్తే ఒక్క రాత్రి చాలంది. మిగతా రెండు రాత్రులూ మన గుంటలో వాళ్ళ దుంపలేసుకుంటానంది. అందరూ అంతే చేస్తున్నారు పెద్దమ్మా. చేదుగా ఉంటే మిరపకాయ ఎక్కువేస్తే తెలీదంది. ఉప్పిచ్చింది." చివరి మాట దాదాపు వినపడలేదు. "నువ్వు మెచ్చుకున్నావు కదా."

మఫూతా పిల్ల కనుబొమల మీది పిండిని బొటనవేలితో తుడిచింది.

మూడు వారాలకోసారి వచ్చే లారీ ఆ ఏడు నాలుగు రోజులకోసారి వస్తోంది. పట్నం ఆకలిగా ఉంది. ఎండిన పెండలం ఎంత తెచ్చినా ఎక్కించుకుంటోంది. బదులు సబ్బూ, బట్టా, ఉప్పూ దింపుతోంది. గుంటలు చాలక ఆడవాళ్ళు వాగు దగ్గర కొట్టుకున్నారని మఫూతా కూడా వింది. విని నవ్వింది. ఆ కొట్లాట తన ఇంట్లోకే వచ్చి కుండలో కూర్చుందని ఆమెకి తెలీలేదు.

"ఏంటక్కా, పొద్దున్నే పిల్లని ఏడిపిస్తున్నావు?"

తుసేవో కంచె అవతల నిలబడి ఉంది. పొరుగింటి మనిషి, నలుగురు పిల్లల తల్లి, నెత్తి మీద తడి దుంపల బుట్ట. ఏ మాటైనా నవ్వుతూనే అంటుంది.

"నా గుంటలో ఎవరి దుంపలున్నాయి తుసేవో?"

"గుంట మీద నీ పేరు రాసుందా? నీళ్ళు దేవుడివి."

"దుంప నీ పిల్లలకి పెడుతున్నావా, లారీకేనా?"

"రెండింటికీ. ఏం, మేం తినట్లా? ఎవరైనా చచ్చారా?"

"చావరు. దానికి చంపడం రాదు."

తుసేవో నవ్వు కొంచెం వంకరైంది. "ఇదిగో అక్కా, నీ కాళ్ళకి ఎవరో పాపిష్టివాళ్ళు ఉచ్చు పన్నారు. ఆ మసి తెచ్చి మా తిండికి పూయకు. దుంపకేం తెలుసు పాపం?"

"ఎవరూ పన్నలేదు. మా అమ్మ చేసింది."

ఆ మాట యాభై ఏళ్ళలో మొదటిసారి బయటికి వచ్చింది. ఎంత చిన్నగా ఉందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

"ఒక్క రాత్రికి తీసింది. మేం ఏడుస్తున్నామని తీసింది. ప్రేమతోనే చేసింది తుసేవో. నీలాగే."

తుసేవో బుట్టని నెత్తి మీద సర్దుకుంది. ఒక నిమిషం ఆమె ముఖంలో ఏదో కదిలింది, నీళ్ళ అడుగున చేప కదిలినట్టు. అంతలోనే మాయమైంది. "లారీ ఎల్లుండి వస్తుంది. నాకిప్పుడు కథలు వినే తీరిక లేదు," అని వెళ్ళిపోయింది.

మఫూతా పాక్కుంటూ రోలు దగ్గరికి వెళ్ళి పిండంతా చాటలోకి ఎత్తింది. ఇంట్లో ఉన్న పాత పిండి కూడా తెప్పించింది. అన్నీ కలిపి బూడిదగుంటలో పోసి, కోళ్ళు కూడా ముట్టకుండా కర్రతో కలియబెట్టింది. లెంబ అరిచింది. "ఇప్పుడేం తింటాం?" తను తలకెత్తి మోసిన దుంపలు, తను కోసిన ముక్కలు, తను దంచిన పిండి. బొబ్బలెక్కిన చేతులు చాచి చూపించింది. "నా పిండి పెద్దమ్మా!"

"నీ పిండే. అందుకే పారేస్తున్నా."

చూరులో కట్టిన మూట విప్పింది. వానలు రాగానే విత్తాల్సిన వేరుశనగ. ఒక్కో కాయా ఏరి దాచింది. ఇప్పుడు దోసెడు తీసి పిల్ల ఒళ్ళో పోసింది. విత్తనాల్ని తినే ఇంటికి వచ్చే ఏడు ఏమీ ఉండదు. కానీ వచ్చే ఏడు వేరుశనగ విత్తడానికి ఈ ఇంట్లో నిలబడే కాళ్ళుండాలి కదా.

కళ్ళు తుడుచుకుని లెంబ లేచింది. "మామయ్య ఊరికి పరుగెత్తి వెళ్ళి పిండి తెస్తా. అక్కడికి లారీ రాదుగా, వాళ్ళ దుంప మంచిదే ఉంటుంది. మధ్యాహ్నానికి వచ్చేస్తా, చూడు." అప్పటికే బుట్ట చేతిలో ఉంది, ఒక కాలు గడప బయట ఉంది.

"కూర్చో!"

ఆ అరుపుకి కోళ్ళు చెదిరిపోయాయి. మఫూతా గొంతు తనకే పరాయిగా వినపడింది. ఉప్పు కోసం నడిచిన ఆ దారి కళ్ళ ముందు పరుచుకుంది. ఎర్రటి దుమ్ము, ఎంతకీ తరగని గడ్డి, దాహం, సాయంత్రం గెలిచినట్టు ఇంట్లోకి అడుగు పెట్టడం. చేదు కాళ్ళలో దాక్కుని ఉంటుంది. అలిసిన రోజు కోసం కాచుకుని ఉంటుంది. అది ఎలా జరుగుతుందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఒంటికి తెలుసు.

"నువ్వు ఎక్కడికీ నడవద్దు. నీళ్ళకి కూడా పోవద్దు. ఈ చాప మీద కూర్చుని వేరుశనగ తిను. గుమ్మడి గింజలున్నాయి, వేయించుకో. తుసేవో ఇంట్లో ఒక్క ముద్ద తిన్నావా, నేను వచ్చి నీ నాలుక కోస్తా."

"మరి పిండి?"

మఫూతా రెండు కర్రలూ దగ్గరికి లాక్కుంది. "నేను తెస్తా."

లెంబ నవ్వింది. తరవాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపేసింది.

కాళ్ళున్నవాళ్ళకి అది పూటలో సగం దారి. మఫూతాకి పొద్దంతా పట్టింది. కర్రలు ముందుకి, ఒళ్ళు వెనక, ముని వేళ్ళు ఈడ్చుకుంటూ. లారీ రోడ్డు దాటుతుంటే ఆగింది. రోడ్డు పొడవునా రెండు వైపులా కోసిన ముక్కలు ఆరబోశారు. కనుచూపు మేర తెల్లగా, వరసగా, భూమి నోరు తెరిచి పళ్ళు చూపిస్తున్నట్టు. వంగి ఒక ముక్క తీసి విరవబోయింది. విరగలేదు. ఇంకో ఇంటిది తీసింది. అదీ అంతే. మూడోది తీయలేదు.

దూరాన ఎవరో ఆడపిల్లలు పాడుకుంటూ ముక్కలు తిరగేస్తున్నారు. పాట హాయిగా ఉంది. ఆమె వేగంగా కదలాలని చూసింది గానీ, ఒళ్ళు మాట వినలేదు.

పొద్దు వాలుతుంటే తమ్ముడు మకేంగో ఇల్లు చేరింది. చంకలు రెండూ ఒరుసుకుపోయి రక్తమోడుతున్నాయి. అతను పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు.

"నీకేమైనా పిచ్చా అక్కా? పిల్లని పంపితే అయిపోయేదిగా!"

"పంపితే రేపట్నించి మా ఇంట్లో నాలుగు కర్రలుండేవి."

అతనికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమెని మెల్లగా కూర్చోబెట్టాడు. లోపలికి వెళ్ళి, భార్యతో గుసగుసగా మాట్లాడి, బుట్ట నిండా పిండి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. మఫూతా వేలు ముంచి నాలుకకి రాసుకుంది. చప్పగా, కొంచెం పుల్లగా, నీళ్ళ వాసనతో. ఆ చప్పదనానికి ఆమె కళ్ళు చెమర్చాయి. మరదలు రెండు ఎండుచేపలు కూడా ఆకులో చుట్టింది.

తెల్లవారగానే బయల్దేరారు. మకేంగో బుట్ట మోస్తూ, ఆమె అడుగుకి అడుగు కలుపుతూ నడిచాడు. దారిలో ఒకసారి మాత్రం అడిగాడు.

"ఎన్ని రోజులకి తెలుస్తుందక్కా?"

"ఏది?"

"పిల్లకి ఏమీ కాదని."

"అవుతుందని ఒక్క పొద్దుటిలో తెలుస్తుంది. కాదని ఎప్పటికీ తెలీదు. ఒక్కో రోజూ దాటుకుంటూ పోవడమే."

వాకిలి ముందు బుట్ట దించి, చీకటి పడక ముందే తన ఊరు చేరాలని అతను వెనుదిరిగాడు. మఫూతా కంచె పట్టుకుని నిలబడింది. పొగలో పొద్దు వాలుతోంది. వాకిట్లో లెంబ చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. పెద్దమ్మని చూడగానే ముఖం వెలిగింది. చేతులూపింది. కానీ లేవలేదు.

"లేచి రావే."

"ఆగు పెద్దమ్మా, కాలు తిమ్మిరెక్కింది."

మఫూతా చేతుల్లోంచి ఒక కర్ర జారి పడింది. ఆ చప్పుడు ఆమెకి వినపడలేదు.

"ఒకటా, రెండా?"

"ఏంటి?"

"తిమ్మిరి! ఒక కాలా, రెండు కాళ్ళా?"

"ఎడమది. నువ్వు కూర్చోమన్నావు కదా, పొద్దుట్నించి కూర్చునే ఉన్నా." లెంబ ఎడమ పాదాన్ని పిడికిలితో కొట్టుకుంది, మొహం చిట్లించింది, చేతులు నేలకి ఆన్చి లేచింది. ఒక్క కాలి మీద గెంతింది. రెండోది విదిలించింది. తరవాత నడిచి వచ్చింది.

మఫూతా కిందికే చూస్తోంది. మడమ ఆనింది. రెండో మడమ ఆనింది. దుమ్ములో గుండ్రంగా, లోతుగా, పూర్తిగా.

"వెనక్కి వెళ్ళు. పొయ్యి దాకా పోయి మళ్ళీ రా."

వెళ్ళింది, వచ్చింది.

"మళ్ళీ."

"ఎన్నిసార్లు పెద్దమ్మా?"

"వానలు పడేదాకా. రోజూ పొద్దున్నే, లేవగానే. నేను చూడకుండా ముఖం కూడా కడుక్కోకు."

లెంబ ఆటనుకుని నవ్వింది. బుట్ట మీద మూత తీసి, ఎండుచేపలు చూసి కేక పెట్టింది. చిన్న కుండ అందుకోబోయింది.

"అది కాదు. పెద్దది పెట్టు."

"మనిద్దరికేగా? ఈ పిండి పది రోజులు రావాలి కదా పెద్దమ్మా."

"పెద్దది పెట్టు. చేపలు రెండూ వెయ్యి. తరవాత కంచె దగ్గర నిలబడి తుసేవో పిల్లల్ని పిలు. అవ్వ చేపల కూర పెడుతుందని చెప్పు. వాళ్ళమ్మ ఏమన్నా అంటే నేను మాట్లాడతా."

నీళ్ళు మరిగాయి. లెంబ కుండని పాదాల మధ్య బిగించి పిండి పోసి తిప్పింది. కారం వేయలేదు. వాసనకి కంచె అవతల గుసగుసలు మొదలయ్యాయి. తుసేవో ఏదో అంది, ఈసారి నవ్వు లేకుండా, కానీ పిల్లల్ని ఆపలేదు. కంచె సందులోంచి నాలుగు తలలు కనిపించాయి. ఒకరినొకరు తోసుకుంటున్నారు.

మఫూతా వాకిలి మధ్య చాప మీద కూర్చుంది. పొద్దు పూర్తిగా పోకముందే, ఇంకా నేల మీద మడమలు కనిపిస్తుండగానే.

"ఒక్కొక్కరే రండి," అంది. "తోసుకోకుండా, మెల్లిగా. నేను చూడాలి."